హైడ్రోజనేషన్ ఆటోక్లేవ్: గ్యాస్ సరఫరా సరిచేసి బ్యాచ్ టైము తగ్గించుకోవడం ఎలా

హైడ్రోజనేషన్ (పదార్థానికి హైడ్రోజన్ చేర్చే రియాక్షన్) బ్యాచ్ ఎంతకీ తెమలకపోతే షాప్ ఫ్లోర్‌లో మొదట వినపడే మాట "ప్రెషర్ పెంచండి". అప్పటికీ తెమలకపోతే "ఇంకో అర కిలో క్యాటలిస్ట్ వెయ్యండి". ఈ రెండూ ఒక్కోసారి పనిచేస్తాయి. చాలాసార్లు క్యాటలిస్ట్‌లోని పల్లాడియం లోహం దండగవుతుంది, కొన్నిసార్లు ప్రమాదం ముంచుకొస్తుంది. గేజ్ ముల్లు నాలుగు కేజీల (చదరపు సెంటీమీటరుకు) మీద నిలబడినంత మాత్రాన ద్రవంలో ఉన్న క్యాటలిస్ట్‌కు హైడ్రోజన్ అందుతోందని అర్థం కాదు. నిమిషానికి ఎన్ని లీటర్ల గ్యాస్ లోపలికి వెళ్తోందో కొలిస్తేనే రియాక్టర్ లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది. కింద చెప్పే పద్ధతి అంతా ఆ కొలత మీదే నడుస్తుంది.

జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, పరవాడ లాంటి చోట్ల బల్క్ డ్రగ్ యూనిట్లలో కనిపించే మామూలు బ్యాచ్ ఆటోక్లేవ్‌నే (ప్రెషర్ తట్టుకునే మూసిన రియాక్టర్‌నే) ఉదాహరణగా తీసుకుందాం. 2 కిలోలీటర్ల స్టీల్ ఆటోక్లేవ్, లోపలి వ్యాసం 1.3 మీటర్లు. చార్జ్ 100 కిలోల పారా నైట్రోఫినాల్, 1000 లీటర్ల మెథనాల్, క్యాటలిస్ట్‌గా 5 శాతం పల్లాడియం కార్బన్ (కార్బన్ పొడి మీద పల్లాడియం). నడిపేది 55 డిగ్రీల దగ్గర, 4 కేజీల ప్రెషర్‌లో. వచ్చేది పారాసెటమాల్‌కు ముడిసరుకైన పారా అమైనోఫినాల్. మీ సరుకు వేరైతే అంకెలు మారతాయి, లెక్క కట్టే తీరు మారదు. బార్‌కూ కేజీకీ ఉన్న రెండు శాతం తేడాను ఇక్కడ వదిలేస్తున్నాం.

1. ముందు కాగితం మీద: ఎంత గ్యాస్ కావాలి?

పారా నైట్రోఫినాల్‌లో ఉన్న ఒక నైట్రో గ్రూపు అమైన్‌గా మారాలంటే మూడు హైడ్రోజన్ అణువులు కావాలి. పారా నైట్రోఫినాల్ అణుభారం 139. కాబట్టి 100 కిలోలంటే 719 మోల్స్. దానికి కావలసిన హైడ్రోజన్ 2157 మోల్స్, అంటే 4.35 కిలోలు, అంటే 48.3 నార్మల్ క్యూబిక్ మీటర్లు. ఈ 48.3 అన్న అంకెను బ్యాచ్ రికార్డులో పై వరుసలోనే రాసి పెట్టండి. చివర్లో ఎండ్ పాయింట్ (రియాక్షన్ ముగిసిన చోటు) తేల్చేది అదే.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. "నార్మల్" అంటే 0 డిగ్రీల దగ్గర లెక్క. మీ ఫ్లో మీటర్ 20 డిగ్రీల ఆధారంగా సెట్ అయి ఉంటే ఇదే గ్యాస్‌కు 51.8 చూపిస్తుంది. ఏడు శాతం తేడా! మీటర్ సర్టిఫికెట్‌లో ఏ ఉష్ణోగ్రత రాసి ఉందో చూడకుండా టోటలైజర్‌ను (పోయిన మొత్తం గ్యాస్‌ను కూడి చూపేదాన్ని) నమ్మకండి.

రియాక్షన్‌కు పోయేది కాక, పైనున్న ఖాళీ జాగా నింపడానికి ఇంకో 3 క్యూబిక్ మీటర్లు పోతుంది. హైడ్రోజన్‌తో మూడుసార్లు ఫ్లష్ చేస్తే (నింపి బయటికి వదిలితే) మరో 5. మొత్తం 56. సిలిండర్ అంటే 7 క్యూబిక్ మీటర్లు అని అందరూ అనే మాటను పట్టుకుంటే 8 సిలిండర్లు చాలనిపిస్తుంది. చాలవు. 47 లీటర్ల సిలిండర్ 30 డిగ్రీల ఎండలో 150 కేజీలు చూపిస్తే అందులో నిజంగా ఉండేది 5.8 నార్మల్ క్యూబిక్ మీటర్లే. అంత ప్రెషర్‌లో హైడ్రోజన్ మామూలు గ్యాస్ సూత్రం చెప్పిన దానికంటే సుమారు 9 శాతం తక్కువ పడుతుంది. పైగా 20 కేజీల కిందికి వచ్చాక ఆ సిలిండర్ మన పనికి రాదు, ఎందుకో మూడో అంచెలో వస్తుంది. చేతికొచ్చేది సిలిండర్‌కు 5 మాత్రమే. బ్యాంక్‌లో (ఒకే లైన్‌కు కలిపి కట్టే సిలిండర్ల వరుసలో) 12 కట్టుకోండి. బ్యాచ్ మధ్యలో సిలిండర్ల కోసం పరుగెత్తడం వల్ల పోయేది టైము ఒక్కటే కాదు. సగంలో ఆగిన నైట్రో రిడక్షన్ ఎందుకు చెడ్డదో చివర చెబుతాం.

2. వేడి లెక్క: గరిష్ఠ ఫ్లో ఎంత ఉండాలి?

నైట్రో గ్రూపు రిడక్షన్‌లో ఒక మోల్‌కు సుమారు 550 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. హైడ్రోజన్ మోల్‌కు 183. మీ సరుకుకు అసలు అంకె రియాక్షన్ క్యాలరీమీటర్‌లో తేల్చుకోవాలి. మొదటి అంచనాకు ఇది పనికొస్తుంది.

ఇప్పుడు రియాక్టర్ చుట్టూ కూలింగ్ వాటర్ తిరిగే జాకెట్ ఎంత వేడి లాగగలదో చూడండి. చాలామంది ఇక్కడ డ్రాయింగ్‌లో రాసిన మొత్తం జాకెట్ వైశాల్యం వేసుకుంటారు. అది తప్పు. ద్రవం తగిలిన గోడ మాత్రమే వేడి దాటిస్తుంది. మన 2 కిలోలీటర్ల పాత్రలో సరుకు 1.1 కిలోలీటర్ల వరకే ఉంది కాబట్టి తడిసే గోడ, అడుగు డిష్ కలిపి 4.3 చదరపు మీటర్లు. యు వాల్యూ, అంటే చదరపు మీటరు గోడ ఒక్కో డిగ్రీ తేడాకు దాటించే వేడి, 300 వాట్లు అనుకుందాం. లోపల 55 డిగ్రీలు, కూలింగ్ వాటర్ 32 డిగ్రీలు, నీళ్లు దారిలో వేడెక్కుతాయి కాబట్టి నికరంగా 20 డిగ్రీల తేడా.

300 × 4.3 × 20 = 25,800 వాట్లు, దగ్గర దగ్గర 26 కిలోవాట్లు. దాన్ని 183తో భాగిస్తే సెకనుకు 0.14 మోల్స్ హైడ్రోజన్. అంటే గంటకు 11.4 నార్మల్ క్యూబిక్ మీటర్లు. మీ జాకెట్ ఇంతకు మించిన వేడిని మోయలేదు. ఇరవై శాతం వెసులుబాటు ఉంచుకుని గరిష్ఠ ఫ్లో 9 దగ్గర కట్టండి. నిమిషానికి 150 లీటర్లు. ఈ లెక్కన రియాక్షన్ 5 గంటల 20 నిమిషాలకు తక్కువలో అవ్వదు. అంతకన్నా తొందరగా కావాలంటే గ్యాస్ వైపు చూడకండి, కూలింగ్ వైపు చూడండి. లోపల కాయిల్, చిల్డ్ వాటర్, లేదా అదే రియాక్టర్‌లో లెవెల్ పెంచి తడిసే వైశాల్యం పెంచడం.

ఎండాకాలం కూలింగ్ టవర్ నీళ్లు 35కి ఎక్కితే ఆ 20 డిగ్రీల తేడా 17 అవుతుంది, గరిష్ఠ ఫ్లో కూడా అదే పాళ్లలో పడుతుంది. జనవరిలో బాగా నడిచిన ఫ్లో మే నెలలో ఎందుకు ఉష్ణోగ్రత దాటిస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకొక్క లెక్క తప్పక చేసుకోండి. మొత్తం 719 మోల్స్ వేడి, కూలింగ్ లేకుండా ఒక్కసారిగా ద్రవంలోకి పోతే ఉష్ణోగ్రత 170 డిగ్రీల వరకు పెరగగలదు. మెథనాల్‌తో నిండిన పాత్రలో అది ఊహించడానికే భయం. కానీ హైడ్రోజన్ వాల్వ్ మూసేస్తే? పైన ఖాళీలో ఉన్నది, ద్రవంలో కరిగి ఉన్నది కలిపి 160 మోల్స్ మాత్రమే. అదంతా మండినట్టు ఖర్చైపోయినా పెరిగేది 12, 13 డిగ్రీలు. అందుకే ఈ రియాక్షన్‌కు గ్యాస్ వాల్వే అన్నిటికంటే మంచి బ్రేకు. అది నమ్మకంగా మూసుకునేలా చూసుకోవడం మీ పనిలో మొదటి భాగం.

3. గ్యాస్ లైన్ కట్టడం

బ్యాంక్ నుంచి రియాక్టర్ వరకు వరస ఇలా ఉండాలి: సిలిండర్ మానిఫోల్డ్, 150 నుంచి 15 కేజీలకు దించే రెగ్యులేటర్, ఫిల్టర్, మధ్యలో వెంట్ ఉన్న రెండు ఆన్-ఆఫ్ వాల్వులు, మాస్ ఫ్లో మీటర్, ఆరిఫిస్, కంట్రోల్ వాల్వ్, నాన్ రిటర్న్ వాల్వ్, ఆ తర్వాత డిప్ పైప్ (ద్రవంలో మునిగి ఉండే పైపు).

వీటిలో చవకైనదీ, ఎక్కువ మేలు చేసేదీ ఆరిఫిస్. ఒక ప్లేట్‌లో చిన్న రంధ్రం. ముందు వైపు ప్రెషర్‌లో సుమారు 53 శాతం కంటే (అబ్సల్యూట్‌లో లెక్కేస్తే) వెనక వైపు తక్కువ ఉన్నంతవరకూ, రంధ్రంలో గ్యాస్ ధ్వని వేగాన్ని అందుకుని, అంతకు మించి వేగం పెరగదు. వెనక రియాక్టర్‌లో ప్రెషర్ ఎంతున్నా, కంట్రోల్ వాల్వ్ పూర్తిగా తెరుచుకుని ఇరుక్కుపోయినా, అంతకు మించి గ్యాస్ పోదు. ముందు 15 కేజీలు, మన 150 లీటర్ల ఫ్లో అంటే రంధ్రం 0.6 మిల్లీమీటర్లు వస్తుంది. 0.8 పెట్టారంటే ఫ్లో దాదాపు 80 శాతం పెరిగిపోతుంది, ఎందుకంటే లెక్క వ్యాసం వర్గం మీద నడుస్తుంది. డ్రిల్లింగ్ వర్క్‌షాప్‌లో అందాజుగా చేయించకుండా కొలత సర్టిఫికెట్ ఉన్నది కొనండి. అంత సన్నటి రంధ్రం తుప్పు రేణువుకే మూసుకుపోతుంది కాబట్టి ముందు ఫిల్టర్ లేకపోతే వారానికోసారి విప్పాల్సి వస్తుంది.

బ్యాంక్ 20 కేజీల దగ్గర మార్చాలన్నది దీనివల్లే. బ్యాంక్ ప్రెషర్ 15 కిందికి జారితే రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, ఆరిఫిస్ ముందు ప్రెషర్ పడుతుంది, ఫ్లో మెల్లగా తగ్గుతుంది. షిఫ్ట్‌లో ఉన్నవాళ్లకు అది "రియాక్షన్ అయిపోవస్తోంది" అన్నట్టే కనిపిస్తుంది. శాంపిల్ పంపితే నైట్రో ఇంకా ముప్పై శాతం ఉంటుంది. ఫ్లో తగ్గినప్పుడల్లా ముందు బ్యాంక్ గేజ్ చూడడం అలవాటు చేయండి.

ఫ్లో మీటర్ ఎంపిక: కొరియోలిస్ మీటర్ బరువును నేరుగా కొలుస్తుంది, ఖరీదు ఎక్కువ, హైడ్రోజన్ తేలిక కాబట్టి చిన్న సైజు చూసి తీసుకోవాలి. థర్మల్ మాస్ ఫ్లో మీటర్ చాలా యూనిట్లకు సరిపోతుంది, కానీ హైడ్రోజన్‌కే క్యాలిబ్రేట్ చేసి ఉండాలి. నైట్రోజన్‌కు క్యాలిబ్రేట్ చేసినది పెడితే అంకెకు అర్థమే ఉండదు. రోటామీటర్ ఒక్కటే ఉంటే దాని స్కేల్ ఏ గ్యాస్‌కు, ఏ ప్రెషర్‌కు గీశారో చూసి సవరించుకోవాలి. ఎండ్ పాయింట్‌కు మాత్రం దాన్ని నమ్ముకోకండి.

నైట్రోజన్ లైన్‌ను హైడ్రోజన్ లైన్‌తో శాశ్వతంగా కలిపి వాల్వ్ ఒక్కటి పెట్టి వదిలేయకండి. హైడ్రోజన్ ప్రెషర్ ఎక్కువైన రోజున అది నైట్రోజన్ హెడర్‌లోకి వెనక్కి పోతుంది. పక్క బ్లాక్‌లో ఎవరో "నైట్రోజన్" అనుకుని రియాక్టర్ ఫ్లష్ చేస్తారు. నాన్ రిటర్న్ వాల్వ్‌తో పాటు, పని కాగానే విప్పేసే స్పూల్ ముక్క (రెండు లైన్లనూ కలిపే చిన్న పైపు) ఉండాలి.

సిలిండర్లు ఎర్ర రంగులో ఉంటాయి, కనెక్షన్ ఎడమ మరలు. బలవంతంగా తిప్పే ముందు ఆ సంగతి గుర్తుంచుకోండి. ఆ ఏరియాలో మోటారు, లైటు, స్విచ్, సెన్సర్ అన్నీ హైడ్రోజన్‌కు పనికొచ్చే ఐఐసీ గ్రూపువే కావాలి. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు మండే గ్యాస్ ఇది, మంట పగటి వెలుతురులో దాదాపు కనపడదు.

4. ఫ్లషింగ్, లీక్ టెస్ట్

క్యాటలిస్ట్ ఎప్పుడూ తడిగానే, నైట్రోజన్ కప్పిన పాత్రలోకే వెళ్ళాలి. ఆరిన పల్లాడియం కార్బన్ మెథనాల్ ఆవిరి, గాలి ఉన్నచోట పడితే నిప్పు అంటుకుంటుంది. నీళ్లలో స్లర్రీ చేసి పంపండి.

మ్యాన్‌హోల్ మూసి, నైట్రోజన్ 3 కేజీల వరకు నింపి, వెంట్ చేయండి. ప్రతిసారీ ఆక్సిజన్ నాలుగో వంతుకు పడుతుంది. 21 శాతం మూడుసార్లకు 0.33, నాలుగుసార్లకు 0.08 అవుతుంది. హైడ్రోజన్ మండడానికి నైట్రోజన్ మధ్య 5 శాతం ఆక్సిజన్ చాలు కాబట్టి మూడుసార్లతోనే లెక్క సరిపోతుంది. అయినా నాలుగు చేయండి. వెంట్ పూర్తిగా సున్నాకు రాకుండానే మళ్ళీ నింపితే ఈ లెక్క తప్పుతుంది, రాత్రి షిఫ్ట్‌లో తొందరలో జరిగేది ఇదే.

తర్వాత నైట్రోజన్‌తోనే 4.5 కేజీలు ఎక్కించి, ఉష్ణోగ్రత కదలకుండా అరగంట ఉంచండి. ముల్లు దిగితే మ్యాన్‌హోల్ గ్యాస్కెట్, శాంపిల్ వాల్వ్, మెకానికల్ సీల్ దగ్గర సబ్బు నురగ పెట్టి చూడండి. లీక్ ఉన్న ఆటోక్లేవ్‌లో టోటలైజర్ చూపే అంకె అబద్ధమవుతుంది, రియాక్షన్ ఎంత తాగిందో బయటికి ఎంత పోయిందో విడదీయలేరు.

చాలా యూనిట్లు ఇక్కడే నైట్రోజన్ వెంట్ చేసి నేరుగా హైడ్రోజన్ నింపేస్తాయి. పాత్రలో ఒక వాతావరణ ప్రెషర్ నైట్రోజన్ మిగిలిపోతుంది. గేజ్ 4 చూపిస్తే అసలు ప్రెషర్ 5. అందులో 55 డిగ్రీల దగ్గర మెథనాల్ ఆవిరి 0.7, మిగిలిన నైట్రోజన్ సుమారు 0.9. హైడ్రోజన్ వాటా 3.4 మాత్రమే. యాజిటేటర్ (ద్రవాన్ని కలిపే రెక్కల షాఫ్ట్) ఆపి ఉంచి, హైడ్రోజన్‌తో 2 కేజీల వరకు మూడుసార్లు ఫ్లష్ చేస్తే నైట్రోజన్ దాదాపు పోయి హైడ్రోజన్ వాటా 4.3కి చేరుతుంది. గేజ్ మీద అదే 4, కానీ పని చేసే గ్యాస్ నాలుగో వంతు ఎక్కువ. 5 క్యూబిక్ మీటర్ల గ్యాస్ ఖర్చుతో ఇంత లాభం మరోచోట దొరకదు. వెంట్ పైపు రూఫ్ దాటి పైకి ఉండాలి, ఫ్లేమ్ అరెస్టర్‌తో.

గ్యాస్ స్వచ్ఛత కూడా ఇదే కోవలోకి వస్తుంది. మూసి ఉన్న పాత్రలో హైడ్రోజన్ ఖర్చవుతుంది, దానితో వచ్చిన మలినం పైన పేరుకుపోతుంది. 99.9 శాతం గ్యాస్ అయితే బ్యాచ్ మొత్తానికి 48 లీటర్ల మలినం, పట్టించుకోనక్కర్లేదు. 99 శాతం అయితే 480 లీటర్లు, అంటే చివరికొచ్చేసరికి పైనున్న గ్యాస్‌లో పదో వంతుకు పైగా పనికిరానిదే. అప్పుడు మధ్యలో ఒకసారి కొంచెం వెంట్ చేసి మళ్ళీ నింపాలి. కార్బన్ మోనాక్సైడ్, గంధకం జాడలు అయితే అంతకంటే చెడ్డవి, అవి పల్లాడియంనే చంపుతాయి.

5. మొదలుపెట్టడం

సరుకు 40 డిగ్రీలకు వేడి చేయండి, 55కి కాదు. హైడ్రోజన్ 1 కేజీ ఎక్కించి, జాకెట్‌లోకి కూలింగ్ వాటర్ సిద్ధంగా ఉంచి, అప్పుడు యాజిటేటర్ ఆన్ చేయండి. ఫ్లో మీటర్ కదిలి ఉష్ణోగ్రత పాకితే రియాక్షన్ అందుకుంది. ప్రెషర్‌ను అర కేజీ చొప్పున పెంచుకుంటూ 4కి రండి, పుట్టే వేడితోనే 55 చేరనివ్వండి.

పావుగంటైనా ఫ్లో లేకపోతే ఉష్ణోగ్రత, ప్రెషర్ రెండూ పెంచడం మొదలుపెట్టకండి. డిప్ పైప్ మూసుకుపోయిందా, యాజిటేటర్ నిజంగా తిరుగుతోందా, క్యాటలిస్ట్ పడిందా చూడండి. నిద్రపోతున్న రియాక్షన్‌ను 55 డిగ్రీలు, 4 కేజీల దగ్గర లేపితే ఒక్కసారిగా ఎగబాకుతుంది.

కంట్రోల్ ఇలా కట్టుకోండి: ప్రెషర్ కంట్రోలర్ 4 కేజీలు నిలబెట్టడానికి ఫ్లోను అడుగుతుంది, ఫ్లో కంట్రోలర్ 150 లీటర్లకు మించి ఇవ్వదు, ఉష్ణోగ్రత 60 దాటితే ఫ్లో తగ్గుతుంది, 65 దగ్గర ఆన్-ఆఫ్ వాల్వులు పడిపోతాయి. యాజిటేటర్ ఆగినా, కూలింగ్ వాటర్ ఆగినా, గ్యాస్ డిటెక్టర్ మోగినా అవే వాల్వులు మూసుకోవాలి.

యాజిటేటర్ ట్రిప్ అయిన సందర్భం ప్రత్యేకంగా నేర్పించండి. కలపడం ఆగితే హైడ్రోజన్ పైన నిలిచిపోతుంది, ప్రెషర్ నిండుగా కనిపిస్తుంది, అంతా బాగున్నట్టే ఉంటుంది. కరెంటు రాగానే నేరుగా ఆన్ చేస్తే ఆ గ్యాసంతా ఒక్కసారిగా కలుస్తుంది. ముందు హైడ్రోజన్ మూసి, ప్రెషర్ 1 కేజీకి దించి, అప్పుడే తిప్పాలి.

6. బ్యాచ్‌ను ఏది ఆపుతోంది?

ఇక అసలు విషయం. ఫ్లోను, ప్రెషర్‌ను ప్రతి పది నిమిషాలకు రాసి గ్రాఫ్ గీయండి. రెండే ప్రశ్నలు.

ఫ్లో 150 దగ్గర ఆగి, ప్రెషర్ 4కి చేరకుండా 2.5, 3 దగ్గర ఊగుతోందా? అయితే రియాక్టర్ ఇచ్చినంతా తాగుతోంది, మీరు కట్టిన హద్దే దాన్ని ఆపుతోంది. అది మంచి స్థితి. కూలింగ్ మెరుగుపరిస్తే తప్ప ఇంక గ్యాస్ పెంచకండి.

ప్రెషర్ 4 దగ్గర స్థిరంగా ఉండి, ఫ్లో 60, 70 మాత్రమే ఉందా? అయితే అడ్డు రియాక్టర్ లోపలే ఉంది: గ్యాస్ ద్రవంలో కరగడమన్నా ఆలస్యమవుతోంది, క్యాటలిస్ట్ అన్నా చాలడం లేదు. ఈ రెంటినీ విడదీయడానికి ప్రెషర్ పెంచి చూడడం పనికిరాదు, రెండు సందర్భాల్లోనూ ఫ్లో పెరుగుతుంది. బదులు, ఫ్లో నిలకడగా ఉన్న మధ్య దశలో యాజిటేటర్ వేగాన్ని ఇరవై శాతం పెంచి పది నిమిషాలు చూడండి. ఫ్లో బాగా పెరిగితే లోటు గ్యాస్ కరగడంలో ఉంది. కదలకపోతే క్యాటలిస్ట్ వైపు చూడాలి. నిర్ధారణకు ఉష్ణోగ్రత 5 డిగ్రీలు మార్చండి. క్యాటలిస్ట్ లోటైతే ఫ్లో స్పష్టంగా మారుతుంది, కరగడంలో లోటైతే అంతంత మాత్రమే.

గ్యాస్ కరగడం ఎందుకింత కష్టమో ఒక అంకె చెబుతుంది. 4.3 బార్ హైడ్రోజన్ కింద 1000 లీటర్ల మెథనాల్‌లో ఒకసారికి కరిగి ఉండగలిగేది 35 గ్రాములు. కావలసింది 4350 గ్రాములు. అంటే ఆ కొద్దిపాటి నిల్వ బ్యాచ్‌లో వంద సార్లకు పైగా ఖాళీ అయి నిండాలి. నీళ్లలో అయితే మెథనాల్‌లో కరిగేదానిలో ఐదో వంతే కరుగుతుంది, ఇంకా కష్టం. నింపే పని చేసేది బుడగలు, బుడగలు చేసేది యాజిటేటర్.

డిప్ పైప్ ద్వారా గ్యాస్ పంపుతున్నాం కదా అని ఊరుకోకండి. మూసి ఉన్న పాత్రలో డిప్ పైప్ నుంచి వచ్చేది ఖర్చైనంతే. ఒక బుడగ కరగకుండా పైకి తేలిందంటే అది ఖాళీలో కలిసిపోతుంది, మళ్ళీ కిందికి రాదు. దాన్ని కిందికి లాగాలంటే బోలు షాఫ్ట్ ఉన్న గ్యాస్ ఇండక్షన్ యాజిటేటర్ కావాలి. షాఫ్ట్ పైభాగంలో ఉన్న రంధ్రాల నుంచి గ్యాస్ పీల్చి, కింద టర్బైన్ రెక్కల చివర వదులుతుంది. పాత ఆటోక్లేవ్‌లో మామూలు ప్రొపెల్లర్ తీసి ఇది పెట్టడం ఖర్చుకు తగ్గ మార్పు. రెండు జాగ్రత్తలున్నాయి. ఒక వేగం దాటితేనే పీల్చడం మొదలవుతుంది. ఆ వేగం టర్బైన్ మీద ఎంత లోతు ద్రవం ఉందో దాన్నిబట్టి పెరుగుతుంది. బ్యాచ్ సైజు పెంచాక టైము రెట్టింపైందంటే, లెవెల్ పెరిగి యాజిటేటర్ పీల్చడం మానేసి ఉండొచ్చు. షాఫ్ట్ పై రంధ్రాలు ద్రవంలో మునిగినా అంతే. బ్యాఫిల్స్ (గోడ వెంట నిలువుగా ఉండే పట్టీలు) లేకపోతే ద్రవం గుండ్రంగా తిరుగుతుందే గాని కలవదు.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. ఖాళీలోని గ్యాస్‌ను కంప్రెసర్‌తో అడుగున ఉన్న స్పార్జర్‌కు (బుడగలు వదిలే రంధ్రాల పైపుకు) తిప్పే పాత్రలో మరీ ఎక్కువ గ్యాస్ వదిలితే టర్బైన్ గ్యాస్‌లోనే తిరుగుతుంది, బుడగలు పగలవు. మోటార్ యాంపియర్లు చూడండి. గ్యాస్ పెంచిన కొద్దీ యాంపియర్లు ఒక్కసారిగా పడితే టర్బైన్ గ్యాస్‌లో మునిగిపోయింది. తిప్పే గ్యాస్ తగ్గించండి, లోపలికి వెళ్ళే హైడ్రోజన్ ఫ్లో పెరుగుతుంది. వినడానికి విచిత్రంగా ఉన్నా ఇది నిజం.

లోటు క్యాటలిస్ట్‌దే అని తేలితే, ఇంకా వేసే ముందు ముడిసరుకు చూడండి. ముందు దశలో వాడిన గంధక సమ్మేళనాలు, సరిగా కడగని హైడ్రోసల్ఫైట్, సాల్వెంట్ రికవరీలో పేరుకున్న మలినాలు. కొత్త మెథనాల్‌తో ఒక ల్యాబ్ బ్యాచ్, రికవరీ మెథనాల్‌తో ఇంకొకటి పక్కపక్కన పెట్టి ఫ్లో పోల్చితే ఒక్కరోజులో తేలిపోతుంది.

7. సగంలో గ్యాస్ ఆకలి

నైట్రో నేరుగా అమైన్ అవదు. మధ్యలో నైట్రోసో, హైడ్రాక్సిలమైన్ దశలు దాటుతుంది. హైడ్రోజన్ చాలినంత అందక, లేదా క్యాటలిస్ట్ నీరసించి రియాక్షన్ కుంటుతూ నడిస్తే హైడ్రాక్సిలమైన్ పేరుకుంటుంది. వేడి చేస్తే అది తనంతట తాను విడిపోయి వేడి చిమ్మగల పదార్థం. గ్యాస్ వాల్వ్ మూస్తే వేడి ఆగుతుందన్న పై లెక్కకు ఇది మినహాయింపు. పైగా మధ్య పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి ఎర్రటి, పసుపు రంగు అజాక్సీ, అజో మలినాలు ఇస్తాయి. ప్రోడక్ట్ రంగు స్పెక్ దాటడానికి చాలాసార్లు మూలం ఇక్కడే.

కాబట్టి సిలిండర్లు అయిపోయి బ్యాచ్ ఆగితే వేడిగా ఉంచి కాపలా కాయకండి. 30 కిందికి చల్లార్చి, గ్యాస్ వచ్చాక 1 కేజీ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఫ్లో తగ్గిందని ఉష్ణోగ్రత పెంచి తోయడం అస్సలు వద్దు.

8. ముగింపు ఎక్కడ?

టోటలైజర్ అంకెలోంచి పైనున్న ఖాళీ నింపడానికి పోయిన గ్యాస్‌ను తీసేసి చూస్తే, 48 దగ్గరికి వస్తూ ఫ్లో నిటారుగా పడాలి. అలా పడ్డాక హైడ్రోజన్ వాల్వ్ మూసి, ఉష్ణోగ్రత కదలకుండా అరగంట ప్రెషర్ చూడండి. లీక్ టెస్ట్‌లో వచ్చిన దిగుదలను తీసేసి, 0.1 కేజీ కంటే తక్కువ పడితే శాంపిల్ తీయండి. శాంపిల్ ఫలితం వచ్చేవరకు నాలుగు కేజీల కింద గంటలు గంటలు వదిలేయడం కొన్ని చోట్ల ఆనవాయితీ. క్లోరిన్ ఉన్న సరుకైతే ఆ సమయంలో క్లోరిన్ ఊడిపోతుంది, దిగుబడి పోతుంది. 48 దాటి 52, 53 వెళ్ళిందంటే ఒకటి లీక్, రెండు వేరే గ్రూపు రిడ్యూస్ అవుతోంది, మూడు మీటర్ ఆధారం తప్పు. ఈ వరసలోనే వెతకండి.

40 అయినా చేరకుండా ఫ్లో పడిపోతే ముందు బ్యాంక్, తర్వాత ఆరిఫిస్ ఫిల్టర్, తర్వాత డిప్ పైప్ చూడండి. డిప్ పైప్ మూసుకుపోవడం తరచూ జరిగేదే. గ్యాస్ ఆగగానే ద్రవం, దానితో క్యాటలిస్ట్ పైపులోకి ఎక్కి గడ్డ కడుతుంది. రంధ్రాలు కిందికి చూసేలా చేయించండి, నాన్ రిటర్న్ వాల్వ్‌ను రియాక్టర్‌కు వీలైనంత దగ్గరగా పెట్టండి.

వెంట్ మెల్లగా చేయండి. 55 డిగ్రీల మెథనాల్ నుంచి ప్రెషర్ ఒక్కసారిగా తీస్తే నురగ లేచి క్యాటలిస్ట్ వెంట్ లైన్‌లోకి పోతుంది. 35కి చల్లార్చి, పది పదిహేను నిమిషాల్లో దించి, నైట్రోజన్‌తో నాలుగుసార్లు ఫ్లష్ చేశాకే ఫిల్టర్‌కు పంపండి. ఫిల్టర్ కూడా నైట్రోజన్ కిందే. పారా అమైనోఫినాల్ గాలి తగిలితే నల్లబడుతుంది, హైడ్రోజన్ పీల్చుకున్న క్యాటలిస్ట్ గాలి తగిలితే అంటుకుంటుంది. కేకును ఎప్పుడూ ఆరనివ్వకుండా నీళ్లతో తడిపి సీల్ చేసిన డబ్బాలో ఉంచండి.

క్యాటలిస్ట్ తిరిగి వాడుతుంటే ప్రతి బ్యాచ్‌కూ ప్రెషర్ 4కి చేరాక వచ్చే మొదటి అరగంట సగటు ఫ్లోను ఒక రిజిస్టర్‌లో, వాడిన సంఖ్య పక్కన రాయండి. ఒకటో వాడకంలో 140, నాలుగో వాడకంలో 110 వస్తే కొంచెం కొత్తది కలపండి. 90 కిందికి పడితే మార్చేయండి.